కుండీ పోయింది, కుప్ప మిగిలింది

హైదరాబాద్‌లో రోడ్డు మీద చెత్త పడేసేవాళ్ల మీదికి మళ్లీ చర్చ మళ్లింది. కెమెరాలు, జరిమానాలు, కవరు విసురుతూ దొరికిపోయినవాళ్ల వీడియోలు. ఎవర్ని కదిపినా ఒకటే మాట: జనానికి బుద్ధి లేదు. లేకపోవచ్చు. అయితే ఇదే జనం పదేళ్ల కిందట చెత్త పట్టుకుని వీధి చివరిదాకా నడిచి కుండీలో వేసేవాళ్లు. కుండీలో కాకపోతే కుండీ పక్కన. ఇప్పుడా కుండీ లేదు. గొడవకు మూలం అక్కడుంది.

2007లో చుట్టూ ఉన్న పన్నెండు మునిసిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) చేయడం, అంతకుముందు రిక్షాల్లో చెత్త తీసుకెళ్లిన రోజులు అందరికీ తెలిసినవే. నేరుగా 2015 నవంబరుకు వస్తే సరిపోతుంది. ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలు రోడ్డెక్కిన నెల అది. ఇంటింటికీ రెండేసి బుట్టలు ఇస్తామన్నారు, తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలంది. 22 లక్షల ఇళ్లకు 44 లక్షల బుట్టలు. వాటిలో చాలావాటికి చెత్త యోగం పట్టలేదు. కొన్నింట్లో బియ్యం పోశారు, కొన్ని నల్లా కింద నీళ్లు పట్టుకోవడానికి పనికొచ్చాయి, కొన్ని డాబా మీద తులసి చెట్టుకు కుదురయ్యాయి. జనాన్ని దెప్పిపొడవడానికి ఇప్పటికీ అందరూ తీసే ఉదాహరణ ఇదే.

అసలు సంగతి బుట్టల్లో లేదు, ఆటోలో ఉంది. ఆటో కార్పొరేషన్‌ది కాదు, డ్రైవరుది. బ్యాంకు అప్పు ఇప్పించారు, డ్రైవరే యజమాని అన్నారు, వాయిదాలు కట్టాల్సిందీ అతనే. కార్పొరేషన్ జీతం లేదు. ఇంటికి నెలకు 50 రూపాయలు వసూలు చేసుకుని బతకమన్నారు. స్వయం ఉపాధి అని అప్పట్లో చాలా మెచ్చుకున్నారు. నిజంగానే కొన్ని వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. కానీ చెత్త తీయడం ఊరి బాధ్యతగా ఉన్నది కాస్తా గేటు దగ్గర ఇద్దరి మధ్య బేరమైంది. అధికారులు దీని గురించి ఎందుకో పెద్దగా మాట్లాడరు.

లెక్క వేసి చూడండి. తర్వాత్తర్వాత ఆటోల సంఖ్య నాలుగు వేలు దాటింది. నాలుగున్నర వేలే అనుకున్నా, 22 లక్షల ఇళ్లను పంచితే ఒక్కో ఆటోకు 500 ఇళ్లకు కాస్త అటూఇటూ వస్తాయి. అందరూ అడగ్గానే యాభై ఇస్తే పాతికవేలు. అందులోంచి డీజిలు, బ్యాంకు వాయిదా, రిపేర్లు, వెంట వచ్చే మనిషి కూలి పోవాలి. ఆ మనిషి చాలాసార్లు డ్రైవరు భార్యే అయి ఉంటుంది, కూలి మిగులుతుందని. సగం ఇళ్లు రేపు రమ్మంటాయి. నిలవాలంటే మూడే దారులు: రేటు పెంచాలి, ఇయ్యని ఇంటిని వదిలేయాలి, లేదా హోటళ్లు, హాస్టళ్లు, షాపుల చెత్త పట్టుకోవాలి. మూడూ జరిగాయి. సీసాలు, అట్టపెట్టెలు ఏరి అమ్ముకుంటే నాలుగు డబ్బులొస్తాయి గనక ఆటో వెనక గోనెసంచులు వేలాడాయి. నెలకు యాభై అని రాసుకున్న చోట ఇప్పుడు వంద, నూట యాభై అడుగుతున్నారని కాలనీవాళ్లు కోప్పడతారు. డ్రైవరు వైపు నుంచి చూస్తే పదేళ్ల కిందటి యాభైతో ఇప్పటి డీజిలు కొట్టించలేడు.

ఇంతవరకూ నడిచిపోయేదే, కుండీలు ఉండి ఉంటే. ఆటో రాని రోజు, ఆటోకు డబ్బియ్యని ఇల్లు, పొద్దున ఏడింటికే తాళం వేసి వెళ్లే కుటుంబం, వీళ్లందరికీ ఆ ఇనుప కుండీయే దిక్కు. కంపు కొట్టేది, కుక్కలు లాగేవి, వర్షంలో పొంగేది, నిజమే. అయినా చెత్తకు ఒక చిరునామా ఉండేది. 2016లో శుభ్రతను బట్టి నగరాలకు కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు వచ్చాయి, 2018లో చెత్త లేని నగరాలకు నక్షత్రాల రేటింగ్ వచ్చింది. కుండీ కనిపించడమే తప్పన్నట్టు అయింది. ‘కుండీలు లేని నగరం’ అన్నారు, దశలవారీగా ఎత్తేశారు.

ఆదర్శంగా చూపింది ఇందోర్‌ని. 2017 నుంచి ఏళ్ల తరబడి మొదటి ర్యాంకు ఆ ఊరిదే, అక్కడా కుండీలు లేవు. కాకపోతే ఇందోర్‌లో బండి కార్పొరేషన్‌ది, రుసుం వసూలు చేసేదీ కార్పొరేషనే. గేటు దగ్గర డ్రైవరుతో బేరం ఉండదు. మనవాళ్లు ఇందోర్ నుంచి తెచ్చుకున్నది కుండీ తీసేయడం వరకే.

కుండీ తీసినా ఆ చోటు అలవాటు పోలేదు. మా వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దాని పక్కన ఒకప్పుడు కుండీ ఉండేది. సిమెంటు దిమ్మె మీద దాని తుప్పు మరక ఇంకా చెరిగిపోలేదు. పొద్దున్నే పారిశుధ్య కార్మికురాలు అక్కడ ఊడ్చి, సున్నం చల్లి, ముగ్గు వేసి వెళ్తుంది. ముగ్గు ఉంటే తొక్కరు కదా అని. గోడకు దేవుడి బొమ్మల టైల్సు అంటించారు. అయినా రాత్రి పదిన్నర తర్వాత స్కూటరు ఒకటి ఇంజను ఆపకుండానే నెమ్మదిస్తుంది. ముడేసిన నల్ల కవరు ఒకటి ముగ్గు అంచున పడుతుంది. ముగ్గు మధ్యలో కాదు, అంచునే, ఆ మాత్రం మర్యాద ఉంది. తెల్లారేసరికి ఒకటి పది అవుతాయి. ఇలాంటి చోట్లను అధికారులు ‘జీవీపీ’ (గార్బేజ్ వల్నరబుల్ పాయింట్), అంటే చెత్త పడే చోటు, అంటారు. అక్షరాలు మారాయి గానీ చాలాచోట్ల అది పాత కుండీ ఉన్న జాగాయే.

కార్పొరేషన్ వాదనా ఉంది: ఆటోలు ఇచ్చాం, ఇవ్వాల్సింది యాభయ్యే, రోడ్డు మీద వేయడం నేరం. 2016 కేంద్ర నిబంధనలు కూడా రుసుము కట్టాలనే అన్నాయి, అక్కడికక్కడే జరిమానాకూ వీలిచ్చాయి. చట్టం ప్రకారం తప్పు పట్టేందుకేం లేదు.

కార్పొరేషనే నేరుగా వసూలు చేయొచ్చుగా అని అడిగితే, నాయకులు ఆంధ్రప్రదేశ్ వైపు చూసి నోరు మూసుకుంటారు. అక్కడ 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ పేరుతో బండ్లు తెచ్చారు, ఇంటి నుంచి రుసుం వసూలు మొదలుపెట్టారు. ప్రభుత్వం దాన్ని వినియోగ రుసుం అంది, జనం ‘చెత్త పన్ను’ అన్నారు. పేరు పెట్టినవాళ్లదే గెలుపు. ఎన్నికల్లో అదొక ఆయుధమైంది, ప్రభుత్వం మారాక 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో చంద్రబాబు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. మూడేళ్లకు సరిగ్గా గాంధీ జయంతి రోజే. ఆ అనుభవం చూశాక హైదరాబాద్‌లో ఏ పార్టీ అయినా రుసుం తన పేరు మీద రాయించుకుంటుందా? డ్రైవరు అడుగుతుంటే తిట్లు డ్రైవరు తింటాడు.

ఇప్పుడు చిక్కు మరింత పెరిగింది. 2025 చివర్లో చుట్టుపక్కల 27 మునిసిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో ప్రభుత్వం కలిపేసింది. వాటిలో చాలాచోట్ల చెత్త బండ్లు 2020 నాటి పట్టణ ప్రగతి అనే రాష్ట్ర కార్యక్రమంలో మునిసిపాలిటీయే కొన్నవి. నగరంలో బండి డ్రైవరుది, శివారులో బండి ఆఫీసుది. అలా కలిపాక ఎవరి పద్ధతి ఎవరికి వర్తిస్తుందన్నదే జరిమానాల చప్పుడు కింద నలుగుతున్న ప్రశ్న.

ఆ ఇరవై ఏడింటిలో జవహర్‌నగర్ కూడా ఉంది. నగరం చెత్త చాలావరకు పోయి పడే డంప్‌యార్డు అక్కడిదే. పక్కనున్న దమ్మాయిగూడ, నాగారం కూడా ఆ జాబితాలోవే. యార్డు నుంచి కారిన మురుగు నీటికి మల్కారం చెరువు పాడైంది, గాలి మళ్లినప్పుడల్లా కిటికీలు మూసుకునే ఇళ్లు అవి. ఇన్నాళ్లూ నగరం చెత్త భరించిన ఊళ్లు, రేపటి నుంచి నగరం రేటు ప్రకారం చెత్త డబ్బులు కట్టాలేమో.