పేజీని మన కంటికి తగ్గట్టు మార్చుకోవడం గురించి

చిరంజీవులు సాహితికి, వంశీకి, తాతయ్య ఆశీస్సులు.

కొన్ని తెలుగు సైట్లలో ఒక వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడుల మీద ఎక్కి కూర్చుంటున్నాయని, దాన్ని మనమే సరిచేసుకోగలమా అని అడిగారు. నిస్సందేహంగా చేసుకోవచ్చు. సైటును పంపే సర్వర్ నుంచి వచ్చేవి పాఠము, బొమ్మలు, అలంకరణ సూచనలు, స్క్రిప్టులు అనే చిన్న ప్రోగ్రాములు వంటివి మాత్రమే. వాటిని పేర్చి పేజీగా చూపించే పని మీ కంప్యూటర్లోని బ్రౌజర్ చేస్తుంది. కనుక ఇక్కడ మీరు ఏం మార్చినా అది మీ ప్రతికే పరిమితం. అసలు సైటుకు గాని, దాన్ని చదివే మరొకరికి గాని ఏమీ కాదు.

బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాంను ఎక్స్‌టెన్షన్ అంటారు. స్టైలస్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని, ఆ సైటు తెరిచి, స్టైలస్ బొమ్మ మీద నొక్కి కొత్త స్టైల్ రాయడం మొదలుపెట్టండి. వరుసల ఎడాన్ని ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టి పెడితే 'జ్యోత్స్న', 'రాష్ట్రం' వంటి మాటలకు చోటు చాలదు. పేరాలకు లైన్-హైట్ (వరుస ఎత్తు) విలువ 1.8 అని ఒక్క నియమం రాసి చూడండి, ఒత్తులు ఊపిరి పీల్చుకుంటాయి. ఫాంటు నచ్చకపోతే మీ కంప్యూటర్లో ఉన్న మండలి గాని, నోటో సాన్స్ తెలుగు గాని పేర్కొనండి. సైటు వాళ్ల నియమమే నెగ్గుతుంటే మీ నియమం చివర ఆశ్చర్యార్థకంతో 'ఇంపార్టెంట్' అని చేర్చాలి. ఈ అలంకరణ నియమాలు రాసే భాషను సీఎస్ఎస్ అంటారు. పాఠకుడు సొంత స్టైల్ షీటు (నియమాల జాబితా) వాడుకోవచ్చన్నది 1996 నాటి తొలి సీఎస్ఎస్ ప్రమాణంలోనే ఉంది. సైటు వాళ్లూ, పాఠకుడూ ఇద్దరూ 'ఇంపార్టెంట్' అన్నప్పుడు పాఠకుడి మాటే చెల్లాలని 1998 నాటి రెండో ప్రమాణం నిర్ణయించింది. నాకు చాలా నచ్చిన నిర్ణయమది.

స్టైల్ రూపాన్ని మారుస్తుంది. స్క్రిప్టు పనులే చేస్తుంది. మన సొంత స్క్రిప్టులను పేజీలో నడిపించే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. ఆరన్ బూడ్‌మన్ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం తయారుచేసిన గ్రీజ్‌మంకీ 2005లో ఈ దారి తెరిచింది; 2010లో అలాంటిదే టాంపర్‌మంకీ వచ్చింది. తనంతట తానే మొదలయ్యే వీడియోను ఆపడం, పట్టికను అక్షర క్రమంలో పెట్టడం వంటివి స్క్రిప్టులు రాసే భాష జావాస్క్రిప్టులో పది వరుసలతో సాధ్యమే.

అయితే ఆ స్క్రిప్టు మీరు లాగిన్ అయిన పేజీలోనే నడుస్తుందని గుర్తుంచుకోవాలి. మీరు చూడగలిగినదంతా అదీ చూడగలదు, మీరు నొక్కగలిగిన బటన్లను అదీ నొక్కగలదు. ఎవరో రాసినదాన్ని పెట్టుకునే ముందు దాని తలభాగంలో 'మ్యాచ్' అన్న వరుసలు చదవండి: ఏయే సైట్లలో నడవాలో అక్కడ ఉంటుంది. ఒక్క వార్తల సైటు కోసమని చెప్పుకునే స్క్రిప్టు అన్ని సైట్లకూ అనుమతి కోరితే దాన్ని వదిలేయండి. ఎక్స్‌టెన్షన్ విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. లక్షలమంది నమ్మి వాడిన స్టైలిష్ అనే ఎక్స్‌టెన్షన్ 2017లో, సైట్ల రాకపోకల లెక్కలు అమ్మే సిమిలర్‌వెబ్ అనే సంస్థ చేతికి వెళ్లింది. వాడేవారు ఏయే పేజీలు చూశారో అది తన సర్వర్‌కు పంపుతోందని 2018 జులైలో బయటపడ్డాక గూగుల్, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా దాన్ని తమ జాబితాల నుంచి తొలగించాయి. మీకు చెప్పిన స్టైలస్, ఆ స్టైలిష్ పాత కోడు నుంచే వేరుగా పుట్టింది. 'ఈ ముక్క కన్సోల్‌లో అతికించు, బహుమతి వస్తుంది' అని స్నేహితుడి పేరుతో సందేశం వచ్చినా అతికించకండి. కన్సోల్ అంటే బ్రౌజర్‌లో స్క్రిప్టును నేరుగా టైపు చేసి నడిపే చోటు.

సైటు వాళ్లు పేజీ నిర్మాణం మార్చినప్పుడు మీ నియమాలు పనిచేయకుండా పోతాయి. అప్పుడు పేరా మీద కుడి బటన్ నొక్కి 'ఇన్‌స్పెక్ట్' ఎంచుకుంటే పేజీ భాగాలకు పెట్టిన కొత్త పేర్లు కనబడతాయి, వాటితో మళ్లీ రాసుకోవాలి. ఫోనులో కావాలంటే ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో స్టైలస్ పెట్టుకోండి. మొదటి స్టైల్ రాశాక ఆ నియమాలు నాకూ పంపండి. నా కంటికి 1.8 చాలదేమో, రెండు పెట్టుకుని చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య