పాత తరహా స్పోర్ట్స్ కార్లలో పెట్రోల్ ముల్లు ఎందుకు తప్పు చెబుతుంది

పాత తరహా స్పోర్ట్స్ కారు నడిపేవారి నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. ట్యాంకు నిండా పోయించుకుని బంకు దాటి వచ్చినా ముల్లు ముప్పావు దగ్గరే ఆగిపోతుంది, లేదా పావు ట్యాంకు ఉందని చూపిస్తూనే కారు నడిరోడ్డు మీద నిలిచిపోతుంది. గేజ్ పాడైందనుకుని కొత్తది తెప్పించి బిగిస్తారు గాని, తేడా మాత్రం అలాగే ఉండిపోతుంది. నిజానికి చాలా సందర్భాల్లో గేజ్‌కు ఏమీ కాదు. ఒక కాలపు గేజ్, మరో కాలపు సెండర్ (ట్యాంకులో తేలే ఫ్లోటుతో పెట్రోలు మట్టాన్ని కొలిచి, దాన్ని విద్యుత్ నిరోధంగా గేజ్‌కు తెలిపే భాగం), ఇంకో దేశపు కొలత ఒకే వైరు మీద కలవడం వల్ల వచ్చే చిక్కు ఇది. అందుకే ఏ భాగం ఏ కాలానిదో పోల్చుకోగలిగితే లోపం పట్టుకోవడంలో సగం పని అయిపోయినట్టే.

మోటారు వాహనాల తొలి రోజుల్లో ఈ బాధ లేదు. ఫోర్డ్ మోడల్ టీ కారులో ముందు సీటు ఎత్తి, ట్యాంకులో కొలకర్ర ముంచి, తడి ఎక్కడి దాకా ఉందో చూసుకునేవారు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అయితే 1960ల ఆరంభం దాకా గేజ్ లేకుండానే వచ్చింది. పెట్రోలు అయిపోవస్తే డ్రైవరు కాలి దగ్గరున్న రిజర్వు మీట తిప్పుకోవడమే. పాత మోటారు సైకిళ్ల మీద ‘రిజర్వులో పడింది’ అంటూ ట్యాంకు కింద చేయి పెట్టి తిప్పినవారికి ఆ పద్ధతి కొత్త కాదు.

విద్యుత్ గేజ్ వచ్చాక అసలు కథ మొదలైంది. బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా కనిపించేవి లండన్ క్రికిల్‌వుడ్‌లో పేరుపడ్డ స్మిత్స్ సంస్థ మీటర్లు. వాటి పాత రకంలో రెండు తీగచుట్టల మధ్య చిన్న ఇనుప ముక్క ఉండి, రెండింటి లాగుడులో ఏది ఎక్కువైతే ముల్లు అటు తిరిగేది. బ్యాటరీ వోల్టేజి పెరిగినా తగ్గినా రెండు చుట్టల మీదా ఒకేలా పడుతుంది గనుక లెక్క పెద్దగా మారేది కాదు. అయితే కారు మలుపు తిరిగి ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకు ఒరిగిన ప్రతిసారీ ముల్లు కూడా దానితోపాటే ఊగిపోయేది.

ఆ ఊపును ఆపడానికి తర్వాత వేడితో పనిచేసే గేజ్ వచ్చింది. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్‌డన్‌లో ఐదు లక్షలకు పైగా తయారైన ఎంజీబీ కారులోనే ఈ మార్పును చూడవచ్చు. దాని తొలి కార్లలో పాత రకం ఉండగా తర్వాతి వాటిలో వేడి రకం వచ్చింది. ఇందులో రెండు లోహాల పట్టీ చుట్టూ సన్నని తీగ ఉంటుంది. కరెంటు పారితే పట్టీ వేడెక్కి వంగి ముల్లును నెమ్మదిగా జరుపుతుంది. ముల్లు నిదానించింది గాని, వేడి వోల్టేజిని బట్టి మారుతుంది కాబట్టి దానికి స్థిరమైన సరఫరా కావలసి వచ్చింది. అందుకోసం డాష్‌బోర్డు వెనుక స్టెబిలైజర్ అనే చిన్న డబ్బీ చేర్చారు. అది పన్నెండు వోల్టులను ఆపుతూ వదులుతూ, సగటున 10 వోల్టులు అందేలా చూస్తుంది. దానికి డిజిటల్ మల్టీమీటర్ పెడితే అంకెలు సున్నాకూ పన్నెండుకూ మధ్య గెంతుతుంటాయి. అది చూసి పాడైందని పారేసినవారు ఎందరో. అది గెంతుతోందంటే పనిచేస్తోందనే అర్థం.

ఈ మార్పుతోపాటు మరో తిరకాసు వచ్చింది. పాత రకం గేజ్‌లో సెండర్ వైరు ఊడదీస్తే ముల్లు నిండుకు పోతుంది, ఎర్త్‌కు, అంటే కారు లోహపు ఒంటికి, తాకిస్తే ఖాళీకి వస్తుంది. వేడి రకంలో ఇది సరిగ్గా తలకిందులు: ఊడదీస్తే ఖాళీ, తాకిస్తే నిండు. తన గేజ్ ఏ రకమో తెలియకుండా ఎవరో చెప్పిన పరీక్ష చేసేవారు బాగున్న సెండర్‌ను విప్పి, చెడిపోయినదాన్ని వదిలేస్తారు. తాళం తిప్పగానే ముల్లు టక్కున లేస్తే పాత రకం, కొన్ని క్షణాలు తీసుకుని పాకుతూ లేస్తే వేడి రకం. ఈ పరీక్షలు గేజ్ వైపు నుంచే చేయాలి. పెట్రోలు ఆవిరి ఉన్న ట్యాంకు దగ్గర నిప్పురవ్వ పుట్టే పని పెట్టుకోకూడదు.

పాత రూపంతో కొత్తగా కట్టే కార్లలో చిక్కు ఇంకా పెరిగింది. లోటస్ సంస్థ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్‌ను విడిభాగాలుగా కొని ఇంట్లో కట్టుకుంటే బ్రిటన్‌లో కొనుగోలు పన్ను తప్పేది. 1973లో వ్యాట్ రావడంతో ఆ వెసులుబాటు పోయింది, అదే ఏడు ఆ కారు తయారీ హక్కులు క్యాటర్‌హామ్ సంస్థకు చేరాయి. పన్ను లాభం పోయినా సొంతంగా కట్టుకునే అలవాటు పోలేదు. దొరికిన గేజ్, దొరికిన సెండర్ జత చేయడం మామూలైంది. స్మిత్స్ వేడి రకం సెండర్‌లో ఖాళీ ట్యాంకుకు నిరోధం ఎక్కువ, నిండుకు తక్కువ. అమెరికాలో విడిగా అమ్మే మీటర్లలో ఒక ప్రసిద్ధ కొలత ఖాళీకి 240 ఓమ్‌ల నుంచి నిండుకు 33కు దిగుతుంది. జర్మన్ మీటర్ల సంస్థ వీడీఓ కొలత మాత్రం ఖాళీ నుంచి నిండుకు 10 నుంచి 180కి ఎక్కుతుంది. వీడీఓ సెండర్‌ను స్మిత్స్ గేజ్‌కు కలిపితే పెట్రోలు పోస్తున్నకొద్దీ ముల్లు కిందికి దిగుతుంది! దిశ కలిసినా సగం దగ్గర కలవకపోవచ్చు. 240–33 కొలతలో సగం ట్యాంకు అంటే రెండంకెల నడిమి 136 కాదు, 103 ఓమ్‌ల దరిదాపు.

ఎర్త్ మరో పాత శత్రువు. ఉక్కు బాడీ కారులో ట్యాంకు బిగించిన బోల్టులే ఎర్త్‌గా పనికొచ్చేవి. ఫైబర్‌గ్లాస్ బాడీలోనూ, చెక్క చట్రం మీద కట్టిన కారులోనూ, రబ్బరు మీద కూర్చోబెట్టిన ట్యాంకులోనూ ఆ దారి ఉండదు గనుక ప్రత్యేకంగా వైరు లాగాలి. అది తుప్పు పట్టి వదులైతే నిరోధం కొద్దిగా పెరిగి వేడి రకం గేజ్‌లో ముల్లు తక్కువ చూపిస్తుంది. స్టెబిలైజర్ ఎర్త్ పోతే ఇందుకు విరుద్ధంగా, పూర్తి వోల్టేజి నేరుగా గేజ్‌కు వెళ్లి ముల్లు ఎక్కువ చూపిస్తుంది. అదే స్టెబిలైజర్ మీద ఉష్ణోగ్రత మీటరు కూడా ఉండి, రెండూ కలిసి ఎక్కువ చూపిస్తుంటే సెండర్ జోలికి పోనక్కరలేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే సెండర్ విప్పాలి. దాన్ని ట్యాంకుకు పట్టి ఉంచే తాళపు రింగును ఉక్కు ఉలితో కాకుండా ఇత్తడి కడ్డీతో తట్టి తిప్పి, బయటికి తీసి, మల్టీమీటర్ తగిలించి ఫ్లోటును వేలితో నెమ్మదిగా ఎత్తితే దాని చరిత్ర అంతా అంకెల్లో కనిపిస్తుంది. సాఫీగా మారుతున్న ఓమ్‌లు ఒక్కచోట ఠక్కున అంతులేని విలువకు పోయి మళ్లీ వస్తే, సన్నని తీగచుట్ట మీద స్పర్శరేకు ఏళ్ల తరబడి రాసి అక్కడ గాడి పడిందన్నమాట. ఫ్లోటును చెవి దగ్గర ఆడిస్తే లోపల పెట్రోలు గలగలమంటే అతుకులో సూదిబెజ్జం పడినట్టే. అలాంటి ఫ్లోటు తేలక మునుగుతుంది, ట్యాంకు నిండుగా ఉన్నా ముల్లు ఖాళీ అంటుంది.

పెట్రోలు కూడా మారుతూ వచ్చింది. లక్క పూసిన పాత బెండు ఫ్లోట్లకు ఆల్కహాలు పడదు, పూత కరిగి బెండు పెట్రోలు పీలుస్తుంది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి 10 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలే మామూలు పెట్రోలైంది. భారతదేశం 20 శాతానికి చేరింది. కాబట్టి హైదరాబాద్‌లో పాత కారు పెట్టుకున్నవారికీ ఈ విషయం పరాయిది కాదు. ఇక 2004 మేలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో గంధకం ఎక్కువైన పెట్రోలు వెండి స్పర్శలను నల్లబరచి, అప్పటి కొత్త కార్ల గేజ్‌లనే పాడుచేసింది.

అన్నీ సరిచేశాక కూడా ముల్లును వెంటనే నమ్మకూడదు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, చదునైన నేల మీద కారు నిలిపి, ఐదేసి లీటర్లు పోస్తూ, వేడి రకమైతే ప్రతిసారీ ఒక నిమిషం ఆగి ముల్లు ఎక్కడుందో కాగితం మీద గీసుకోవాలి. మొదటి ఐదు లీటర్లకు ముల్లు అసలు కదలకపోతే ఫ్లోటు చేతిని కొంచెం కిందికి వంచి, మళ్లీ మొదటి నుంచి పోయాలి.