ఈనాడు, సాక్షి గొడవ 2008లో మొదలవలేదు, దూబగుంటలో మొదలైంది

మళ్ళీ మొదలైంది. రెండు పేపర్ల మొదటి పేజీలు పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, ఒకే రోజు ఒకే ఊళ్ళో జరిగిన దాన్ని వీళ్ళు ఇట్లా రాశారు వాళ్ళు అట్లా రాశారు చూడండి అని గ్రూపుల్లో తిప్పుతున్నారు, కింద కామెంట్లలో టీడీపీ వైపు రాసేవాళ్ళని ఎల్లో మీడియా అని ఒకళ్ళు, జగన్ వైపు రాసేవాళ్ళని బ్లూ మీడియా అని ఇంకొకళ్ళు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఇది వస్తుంది, రెండు వారాలు నడిచి ఆగుతుంది. ప్రతిసారీ వినపడే వాదనలు కూడా అవే రెండు. సాక్షి వచ్చాకే తెలుగు పేపర్లు పాడైపోయాయి అనేది ఒకటి. కాదు, 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు ఈనాడు ఆయన్ని భుజాన మోసినప్పుడే పాడైపోయాయి అనేది రెండోది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది కానీ అసలు సంగతి మధ్యలో ఉండిపోయింది, 1989 నుంచి 1993 దాకా, జిల్లా పేజీలు రావడం, నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం. దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదనే ఇది రాస్తున్నా.

ఈనాడు 1974లో విశాఖలో మొదలవడం, తెల్లారేసరికి పేపరు గుమ్మంలో పడేలా ఏజెంట్ల వ్యవస్థ కట్టడం, శాసనమండలి మీద "పెద్దల గలభా" అని హెడ్డింగ్ పెట్టినందుకు ఈనాడు అధిపతి రామోజీరావుని అరెస్టు చేసేదాకా వెళ్ళి సుప్రీంకోర్టు ఆపడం, 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ని దించేస్తే నెల రోజులు పేపర్లు ఊగిపోవడం, ఇవన్నీ చాలామంది చాలాసార్లు రాసినవే, వదిలేస్తున్నా. ఒక్క మాట మాత్రం చెప్పాలి. 1983లో ఎన్టీఆర్ గాలి ఆల్రెడీ వీస్తోంది, పేపరు ఆ గాలిని పట్టుకుంది. 1992లో జరిగింది వేరే.

1989లో ఈనాడు జిల్లా ఎడిషన్ తెచ్చింది. మెయిన్ పేపరు మధ్యలో చిన్న సైజులో ఇంకో పేపరు, మనం మినీ అనో టాబ్లాయిడ్ అనో పిలిచేది. అంతకుముందు నెల్లూరు జిల్లాలో ఏదన్నా జరిగితే మెయిన్ లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తే గొప్ప, అది కూడా కలెక్టరో మంత్రో వస్తేనే. మినీ వచ్చాక రోజూ అన్ని పేజీలు నింపాలి, నింపాలంటే మండలానికో మనిషి కావాలి. మండలాలు అప్పటికి కొత్త, 1985లో ఏర్పడినవి, ఆఫీసులన్నీ అక్కడికొచ్చాయి కాబట్టి వార్త కూడా అక్కడే దొరుకుతుంది. అట్లా పుట్టుకొచ్చినవాడే కంట్రిబ్యూటర్. బడిపంతులో, ఎరువుల కొట్టు వాడో, పేపరు ఏజెంటో, జీతం ఉండదు, అచ్చయినదాన్ని కొలిచి డబ్బులిస్తారు, దానికి లైన్ అకౌంట్ అని పేరు. వార్త కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం బస్సు డ్రైవర్ చేతికిచ్చి టౌన్ లో దించమని చెప్పడమే. ఫ్యాక్స్ కూడా లేని రోజులు చాలా చోట్ల.

పేపరు భాష మారింది కూడా ఇక్కడే అని నా నమ్మకం. హైదరాబాద్ లోనో విజయవాడలోనో కూర్చున్న సబ్ ఎడిటర్ ప్రెస్ నోట్ ని తెలుగు చేస్తే ఒక రకంగా ఉంటుంది, ఊళ్ళో గొడవ కళ్ళారా చూసినవాడు రాసి పంపితే డెస్క్ ఎంత దిద్దినా ఆ ఊరి వాసన పోదు.

సరిగ్గా ఈ ఏర్పాటు కుదురుకుంటున్న టైంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది, అక్షరదీపం. రాత్రి బళ్ళలో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు పాఠం అయిపోయాక మాట్లాడుకునేది ఒకటే, మొగుడు కూలి డబ్బులు సారా కొట్లో పోసొస్తున్నాడు అని. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారు. ఈ సంగతి మొదట పేపర్లో రాలేదు, ఇది చాలామందికి తెలీదు. చదువు కొనసాగించేవాళ్ళ కోసం తయారుచేసిన వాచకంలో పాఠంగా వచ్చింది. "ఆడవాళ్ళు ఏకమైతే" అని దాని పేరు. ఒక ఊళ్ళో జరిగింది పక్క ఊళ్ళ ఆడవాళ్ళు వాచకంలో కూడబలుక్కుని చదివి, మరి మన ఊళ్ళో ఎందుకు కాదు అని లేచారు. మాస్ మీడియా పాత్ర ఏమిటి అని జర్నలిజం పరీక్షల్లో ప్రశ్న అడుగుతారు కదా, నన్నడిగితే ముందు ఈ పాఠం చూపిస్తాను. పేపర్ కంటే ముందు పనిచేసింది అదీ.

1992 ఆగస్టుకి సంగతి ఎక్కడిదాకా వచ్చిందంటే నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు, ఒకటికి నాలుగుసార్లు వాయిదా పడ్డాయి. ఇది చిన్న విషయం కాదు. 1970-71లో 39 కోట్లున్న ఎక్సైజ్ ఆదాయం 1991-92కి 812 కోట్లయింది, ప్రభుత్వం నడిచేదే దాని మీద అన్నట్టుండేది. ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన్ రెడ్డి, ఆయనదీ అదే జిల్లా.

అప్పుడు ఈనాడు దిగింది. "సారాపై సమరం" అని ఏకంగా పేజీ కేటాయించింది. ఏ ఊళ్ళో ఎవరు కొట్టు మూయించారు, ఎక్కడ ప్యాకెట్లు తగలబెట్టారు, ఎక్కడ చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని జీపుకి అడ్డం నిలబడ్డారు, అన్నీ ఊరి పేర్లతో సహా. అంతకుముందు ఏ తెలుగు పేపర్లోనూ కూలి పనికెళ్ళే ఆడవాళ్ళు అన్ని రోజులు వరసగా వార్త అయింది లేదు. ఈనాడులో ఆడవాళ్ళ పేజీ వసుంధర పుట్టిన రోజులు కూడా దాదాపు అవే. ఆ పేజీ నిండిందంటే మండల కంట్రిబ్యూటర్ల వల్లే నిండింది, మినీ లేకపోతే అన్ని ఊళ్ళ వార్తలు అంత త్వరగా వచ్చే దారే లేదు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1994 డిసెంబర్లో గెలిచిన ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం వేదిక మీదే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు.

దీనికి ఇంకో వెర్షన్ ఉంది, అది కూడా చెప్పాలి. ఈనాడుకి అప్పట్లో గట్టి పోటీ ఉదయం అనే పేపరు. దాసరి నారాయణరావు 1984లో పెట్టిన ఆ పేపరు సారా ఉద్యమం నాటికి నెల్లూరు మద్యం వ్యాపారి మాగుంట సుబ్బరామిరెడ్డి చేతిలో ఉంది. సారా మీద కొడితే పోటీ పేపరుకి డబ్బొచ్చే చోట తగులుతుంది, ఉద్యమం మీద ప్రేమ కాదు, వ్యాపారం అని అప్పుడే అన్నవాళ్ళున్నారు. ఉదయం 1995లో మూతపడింది కూడా. ఇంకో మాట కూడా అంటారు, సారాని ప్యాకెట్లలో పెట్టి ఊరూరికీ చేర్చిన వారుణి వాహిని ఎన్టీఆర్ మొదటి ప్రభుత్వం నాటిదే కదా, 1997లో చంద్రబాబు నిషేధం ఎత్తేసినప్పుడు ఆ సమరం పేజీ ఎక్కడికి పోయింది అని. సరైన ప్రశ్నలే. కానీ రోశమ్మకి ఉదయం సర్క్యులేషన్ తో పనేముంది? యజమాని మనసులో ఏమున్నా పేజీలో ఉన్నది ఆ ఊళ్ళ ఆడవాళ్ళు నిజంగా చేసిన పని. దాన్ని పేపర్ల వ్యాపార గొడవ కింద కట్టేస్తే వాళ్ళ కష్టాన్ని రెండోసారి దోచుకున్నట్టే అని నాకనిపిస్తుంది.

ఆడవాళ్ళు ఆ పేజీ నుంచి నేర్చుకున్నది ఒకటి, నాయకులు నేర్చుకున్నది ఇంకొకటి. ఒక పేపరు వరసగా నెలల తరబడి ఒకే మాట మీద నిలబడితే 812 కోట్ల ఆదాయం కూడా వదులుకోవాల్సి వస్తుందని వాళ్ళకి అర్థమైంది. అంటే పేపర్ మన వైపు లేకపోతే ప్రమాదం. 1995 ఆగస్టులో ఎన్టీఆర్ ని దించి చంద్రబాబు ముఖ్యమంత్రి అయిన వైస్రాయ్ హోటల్ రోజుల్లో ఆయన వెనక ఎంతమంది ఎమ్మెల్యేలున్నారో పేపర్లు ఎక్కువ చేసి రాశాయని ఎన్టీఆర్ వైపు వాళ్ళు ఏళ్ళ తరబడి బాధపడ్డారు. 2000లో ఆగిపోయిన ఆంధ్రజ్యోతిని 2002 అక్టోబర్లో అదే పేపర్లో రిపోర్టర్ గా చేసిన వేమూరి రాధాకృష్ణ మళ్ళీ తెచ్చారు. 2004లో వైఎస్ వచ్చాక ఈనాడు, ఆంధ్రజ్యోతిలని ఉద్దేశించి "ఆ రెండు పత్రికలు" అన్న మాట సభల్లో వినని వాళ్ళు లేరు. రామోజీరావు ఫైనాన్స్ కంపెనీ మార్గదర్శి మీద గొడవ, దాని వెనకే 2007లో తప్పుడు వార్తల మీద అధికారులు కేసులు పెట్టొచ్చని జీవో 938, జర్నలిస్టులు రోడ్డెక్కితే దాన్ని పక్కనపెట్టారు.

2008 మార్చిలో సాక్షి, ఒకేసారి 23 ఎడిషన్లు, అన్ని పేజీలూ రంగుల్లో. మా మాట చెప్పుకోవడానికి మాకో పేపరు లేదు అనేది వైఎస్ వైపు వాళ్ళ వాదన, 1995 చూసినవాళ్ళకి ఆ వాదన కొట్టిపారేసేదిగా అనిపించదు. 2011 జూన్ లో నమస్తే తెలంగాణ, ఆంధ్రా యజమానుల పేపర్లలో మా ఉద్యమం మా యాసలో రాదు అని. ప్రతి ఒక్కళ్ళూ జిల్లా ఎడిషన్, మండల కంట్రిబ్యూటర్ అనే అదే అచ్చుని తీసుకున్నారు. పేపర్లు కొట్టుకునేది మొదటి పేజీలో, బతికేది మాత్రం జిల్లా పేజీలతో.

అందుకే ఇవాళ పక్కపక్కన పెట్టిన ఫొటోల్లో మొదటి పేజీలు మాత్రమే చూస్తే బొమ్మ సగమే కనిపిస్తుంది. ఈనాడు ఇంగ్లీష్ మాట రానివ్వకుండా తెలుగు మాట వెతికి పెడుతుంది, సామెత, ప్రాస, తిట్టినా మర్యాదగా ఉన్నట్టే ఉంటుంది, ఎక్కడ నొక్కిందో రెండోసారి చదివితే గానీ తెలీదు. సాక్షి బాక్సులు, గ్రాఫిక్స్, పెద్ద అంకెలు, ఎదుటి పేపరు పేరు పెట్టి మరీ అది రాసింది తప్పు అని అరపేజీ. ఆంధ్రజ్యోతి మాట్లాడినట్టే రాస్తుంది, లోపలి రాజకీయం, ఎవరు ఎవరితో ఏమన్నారు అనేదాని మీద యావ ఎక్కువ. నమస్తే తెలంగాణ హెడ్డింగుల్లోకి తెలంగాణ మాటలు తెచ్చింది, దాని విలువ పార్టీతో సంబంధం లేకుండా ఒప్పుకోవాలి. ప్రజాశక్తి, విశాలాంధ్ర లాంటివి తమ పార్టీ ఏదో దాచుకోవు, కాబట్టి వాటి మీద ఈ గొడవే రాదు. అరెస్టు ఒకటే, ఒక పేపర్లో కక్ష సాధింపు, ఇంకో పేపర్లో చట్టం తన పని తాను చేసింది, నాయకుడు మారితే హెడ్డింగులు అటుదిటు ఇటుదటు. రెండూ చదివే ఓపికున్నవాడికే ఏం జరిగిందో తెలుస్తుంది, రోజూ రెండు పేపర్లు కొనే ఇళ్ళు ఎన్నున్నాయి?

టీవీలొచ్చాక ప్రభుత్వాలకి పని ఇంకా సులువైంది, పేపర్ని ఆపలేరు గానీ కేబుల్ ఆపించొచ్చు. 2014 జూన్ లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్లో ఆగిపోయాయి, అదే సెప్టెంబర్లో మీడియాని పది కిలోమీటర్ల లోతున పాతేస్తామని కేసీఆర్ వరంగల్ లో అన్నారు. 2019లో ఆంధ్రలో జీవో 2430 వచ్చింది, 938కి తమ్ముడు లాంటిది, ఆ ఐదేళ్ళూ టీవీ5కీ ఏబీఎన్ కీ కేబుల్ కష్టాలు. 2024 జూన్ లో ప్రభుత్వం మారగానే సాక్షి టీవీ, టీవీ9 వాళ్ళు మావి ఆపారంటూ మొత్తుకున్నారు. 2022 డిసెంబర్లో వలంటీర్లకి పేపరు కొనుక్కోమని నెలకి 200 రూపాయలిచ్చే జీవో వస్తే, ఇది సాక్షి కోసమే అని ఈనాడు కోర్టుకెళ్ళింది, సుప్రీంకోర్టు దాన్ని ఢిల్లీ హైకోర్టుకి పంపింది. పాఠకుడు ఏ పేపరు చదవాలో ఖజానా డబ్బులతో తేల్చడం వీటన్నిట్లోకీ నాకు ఎక్కువ భయం వేసిన సంగతి, ఎవరు చేసినా.

ఈ ముప్పై ఏళ్ళలో మారనిది కంట్రిబ్యూటర్ బతుకు. ఇప్పటికీ చాలాచోట్ల లైన్ అకౌంటే. దాని మీద యాడ్ టార్గెట్ ఒకటి, ఆగస్టు 15కీ జనవరి 26కీ సర్పంచ్ దగ్గరా, ప్రైవేటు స్కూలు దగ్గరా, చివరికి ఏ మద్యం షాపు మీద వార్త రాయాలో ఆ షాపు ఓనర్ దగ్గరా శుభాకాంక్షల యాడ్ అడగాల్సి వస్తుంది. నాకు తెలిసిన ఒకాయన, మండలంలో ఇరవై ఏళ్ళు చేసినవాడు, ఒక పేపర్లో టార్గెట్ కట్టలేక తన జేబులోంచి యాడ్ డబ్బులు కట్టి మానేశాడు. ఇప్పుడు మీసేవ నడుపుకుంటున్నాడు.

2020 లాక్ డౌన్ లో పేజీలు తగ్గించినప్పుడు మినీలు మెయిన్ లో కలిపేశారు, మండలం వార్తకి మిగిలింది జిల్లా పేజీలో ఒక మూల, రెండు మూడు లైన్లు. ఆయన మానేసిన మండలంలో ఏడాదిన్నర అయింది, ఇంకా ఎవర్నీ పెట్టలేదు.