తగ్గిందంటే పోయిందని కాదు: వాస్క్యులైటిస్, నరాలు, స్టెరాయిడ్ భయాలు

మార్చిలో కోసిగి వైపు నుంచి ఒకావిడ ఓపీకి వచ్చింది. కుర్చీలో కూర్చుంటూనే కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి బల్ల మీద పెట్టింది. మణికట్టు దగ్గర చెయ్యి వేలాడిపోతోంది. ఏడాది కిందట వచ్చినప్పుడు కుడి పాదం పడిపోయింది. అప్పుడామె చెప్పింది నాకింకా గుర్తుంది: "నడుస్తాంటే చెప్పు జారిపోతాంది మేడం. జారినట్టు గూడా నాకు తెలీదు."

వాస్క్యులైటిస్, అంటే రక్తనాళాల గోడలు వాచే జబ్బు అని తేలింది. మందులు మొదలుపెట్టాక నొప్పి పోయింది, పాదం కొంచెం లేచింది. జనవరిలో ఇంటిల్లిపాదీ మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోయారు. అక్కడ మాత్రలు అయిపోయాయి. "తగ్గింది కదా, ఇంకెందుకులే అనుకుంటి మేడం." ఇప్పుడు చెయ్యి పోయింది.

ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. డిసెంబరు రివ్యూలో "బాగా తగ్గిందమ్మా" అన్నది నేనే. కొంచెం తక్కువైనా తగ్గిందనే అంటాం, జ్వరం పూర్తిగా పోయినా తగ్గిందనే అంటాం. నేను ఒక అర్థంలో అన్నాను, ఆమె ఇంకో అర్థాన్ని ఇంటికి పట్టుకుపోయింది. అప్పట్నుంచి ఓపీలో ఆ మాట మానేశాను. "అణిగింది" అంటున్నాను.

అపోహ: నొప్పి పోయాక స్టెరాయిడ్ ఎంత తొందరగా ఆపితే అంత మంచిది.

వాస్తవం: ఈ అపోహకు పోయినన్ని కాళ్లూ చేతులూ ఇంకే అపోహకూ పోవడం నేను చూడలేదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే రక్తనాళాల గోడల మీద పడటం వాస్క్యులైటిస్. నరాలకు కూడా రక్తం తెచ్చే సన్నటి నాళాలుంటాయి. వాటి గోడ వాచి దారి మూసుకుపోతే ఆ నరానికి రక్తం అందదు. అందుకే ముందు ఒక పాదం, కొన్ని వారాలకు ఇంకో పక్క చెయ్యి, ఇట్లా ఒక్కో నరం విడిగా, మంటా నొప్పితో దెబ్బతింటుంది. స్టెరాయిడ్ వాపును త్వరగా అణచేస్తుంది కాబట్టి ముందు పోయేది నొప్పి. జబ్బు మూలం మాత్రం లోపలే ఉంటుంది. దాన్ని కట్టడి చేయడానికే సైక్లోఫాస్ఫమైడ్ లేదా రిటుక్సిమాబ్ ఇస్తాం. తర్వాత చాలామందికి అజాథయోప్రిన్ లాంటి మందు ఏళ్ల తరబడి నడుస్తుంది. ఈ లోపల స్టెరాయిడ్‌ను నెలల మీద మెల్లగా దించుతూ వస్తాం.

ఉన్నట్టుండి ఆపితే ఇంకో చిక్కుంది. మందు రోజూ బయటి నుంచి వస్తోంది కదా అని కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను తయారుచేసే తమ పని మానేసి ఉంటాయి. వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం. ప్రాణాల మీదికి కూడా రావచ్చు.

స్టెరాయిడ్‌తో ఇబ్బందులు లేవని నేను చెప్పను. షుగరు పెరుగుతుంది, మొహం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ఇన్ఫెక్షన్లు వస్తాయి. అందుకే టీబీ ఉందేమో ముందే చూస్తాం, కాల్షియం రాస్తాం, షుగరు చూస్తూ ఉంటాం. పెళ్లికి ముందు మొహం ఉబ్బిందని ఏడ్చిన పిల్లను చూస్తే నాకూ బాధే. కోపమల్లా వాట్సాప్‌లో "స్టెరాయిడ్ అంటే విషం" అని పంపేవాళ్ల మీద. విచిత్రమేమంటే, మోకాళ్ల నొప్పులకు పేరులేని పొట్లాలు ఏళ్లుగా మింగినవాళ్లే నా చీటీ చూసి "స్టెరాయిడా, వద్దు మేడం" అంటారు. ఆ పొట్లాల్లో చాలాసార్లు ఉండేది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడే! ఆయాసానికీ అవే పొట్లాలు. పెద్ద వయసులో మొదలైన ఆస్తమా, రక్తంలో బాగా పెరిగిన ఈసినోఫిల్స్ అనే తెల్ల కణాలు, దాని వెంట పాదం పడిపోవడం, ఈ మూడూ కలిస్తే ఈజీపీఏ అనే వాస్క్యులైటిస్‌ను అనుమానించాలి. పొట్లం మందు దాన్ని కప్పిపెట్టి ఉంచుతుంది, ఆపిన రోజున బయటపడుతుంది.

అపోహ: మందు పనిచేస్తే పాదం వెంటనే లేవాలి.

వాస్తవం: నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. తొడ మధ్యలో దెబ్బతింటే మోకాలి కింది కండరం దాకా 30 సెంటీమీటర్లు అనుకోండి, 300 రోజులు. అంతదాకా స్ప్లింటు, వెనక బెల్టున్న చెప్పులు, ఫిజియోథెరపీ. ఏప్రిల్‌లో మన కర్నూలు ఎండకు కాలిన బండల మీద స్పర్శ లేని కాలు పెడితే బొబ్బ లేచాక గానీ తెలియదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పాదం పడిపోయిన ప్రతిసారీ పక్షవాతం కాదు, పసరు కట్టించుకుంటూ వారాలు పోగొట్టుకోవద్దు. "నరాల బలహీనత"కు బీ12 ఇంజెక్షన్లు ఈ జబ్బును ఆపలేవు. వాస్క్యులైటిస్ కోసం చేసే ఆంకా అనే రక్తపరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు, నరాలకే పరిమితమైన రకంలో అది తరచూ నెగటివే. అలాంటప్పుడు నరం ముక్క తీసి చూడాల్సి రావచ్చు. అంటుకునే జబ్బు కాదు, ఒకే కంచంలో తినొచ్చు. వంకాయ తిన్నా తినకపోయినా తేడా లేదు, ఊరగాయ మాత్రం తగ్గించండి, ఉప్పు గురించి.

తలకు వచ్చే రకం గురించి ఒక్క మాట. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మా మేనత్తకు, అరవై దాటిన మనిషికి, కొత్తగా కణతల్లో తలనొప్పి. జొన్నరొట్టె నమిలితే దవడ లాగేస్తోందంది. పంటి బాధనుకుని పన్ను పీకించాం. పది రోజుల్లో ఒక కన్ను పోయింది. జయంట్ సెల్ ఆర్టిరైటిస్. 50 దాటినవాళ్లకు ఈ లక్షణాలు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి, కన్ను మసకేస్తే ఆ గంటే. రెండో కన్ను నిలబడింది. అత్త తర్వాత రెండేళ్లూ మాత్ర తప్పలేదు. పడుకునే ముందు డబ్బాలో వేలు పెట్టి తడిమి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకునేది.

సుగ్గికి పోయేవాళ్లు పోయేముందు ఒకసారి వచ్చి చెప్పండి. మూడు నెలల మందు ఒకేసారి రాసిస్తాను. రక్తపరీక్ష అక్కడే చేయించి కాగితం ఫొటో పంపితే చాలు. కోసిగి ఆవిడకు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. నొప్పి అణిగింది. చెయ్యి ఇంకా లేవలేదు.