పెద్ద వేట చేపల ట్యాంకులో నీటి వేగం: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో పెద్ద చేపలు పెంచేవాళ్ల ఇళ్లలో ట్యాంకులు బిగించడం, పంపులు సర్దడం నా పని. పీకాక్ బాస్, అరోవానా, రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ లాంటి, వేటాడి తినే చేపలు పెంచే మన తెలుగువాళ్లు నీటి ప్రవాహం గురించి నన్ను మళ్లీ మళ్లీ అడిగే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ట్యాంకులో పట్టే నీళ్లకు పది రెట్లు గంటలో తిప్పే పంపు పెడితే నది ప్రవాహం వచ్చేసినట్టే.

కొళత్తూరు చేపల కొట్లలో పంపు కొనేటప్పుడు ఎక్కువగా వినిపించే మాట ఇదే. లెక్క వేసి చూడండి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకులో సుమారు 680 లీటర్లు పడతాయి. పది రెట్లంటే గంటకు 6,800 లీటర్లు. అంటే నీళ్లు ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి ఆరు నిమిషాలు! సెకనుకు అర సెంటీమీటరు. దాన్ని ప్రవాహం అనలేం. పైగా డబ్బా మీద రాసిన లీటర్లు నీటిని పైకి ఎక్కించనప్పటి లెక్క. కింద సంప్ (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి) నుంచి నాలుగడుగులు ఎక్కించాలంటే అందులో చాలా తగ్గిపోతుంది.

ఫిల్టర్ పంపు పని నీళ్లు శుభ్రం చేయడం. నీళ్లను కదిలించేది వేవ్‌మేకర్, అంటే ట్యాంకు లోపల అద్దానికి బిగించే ఫ్యాను లాంటి పంపు. అది చిమ్మే ధార పక్కనున్న నీళ్లను కూడా లాక్కుపోతుంది కాబట్టి ట్యాంకంతా కదులుతుంది. వేగం తెలియాలంటే బాగా నానిన బాదం ఆకు ముక్కను చేప తిరిగే లోతులో వదలండి. అది ఒక అడుగు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూసుకోండి. చేప ఒంటికి తగిలే వేగం అదే.

అపోహ: నది చేప కాబట్టి ఎంత జోరుంటే అంత మంచిది.

నదంతా జోరుగా ఉండదు. అమెజాన్‌లో అరపైమా, సిల్వర్ అరోవానా ఎక్కువగా ఉండేది వరద నీళ్లు నిలిచిన అడవుల్లో, సరస్సుల్లో. పీకాక్ బాస్‌లో చాలా రకాలు నెమ్మదైన పాయల్లోవే. నిజంగా జోరు నీళ్లలో వేటాడేవి పయారా, కాంగో నదిలోని గోలియత్ టైగర్‌ఫిష్ లాంటివి. అవి కూడా రోజంతా ధారకు ఎదురు నిలబడవు. మా నెల్లూరు వైపు పెన్నలో గాలం వేసే పెద్దవాళ్లు జోరు మధ్యలో వేయరు. జోరు నీళ్లు, నెమ్మది నీళ్లు కలిసే అంచున వేస్తారు. చేప బండ చాటున ఒళ్లు దాచుకుని, ధారలో కొట్టుకొచ్చే ఎరను అక్కడి నుంచే అందుకుంటుంది.

అన్నానగర్‌లో ఒకతను ఫోన్ చేశాడు. "అన్నా, రెండు పెద్ద వేవ్‌మేకర్లు పెట్టాను. మూడు రోజులుగా బాస్ మేత ముట్టడం లేదు." వెళ్లి చూస్తే రెండూ ఎదురెదురుగా పెట్టి ఉన్నాయి. ధారలు మధ్యలో ఢీకొని ట్యాంకంతా సుడులే. ఒకటిన్నర అడుగుల చేప ఓవర్‌ఫ్లో పెట్టె (పైనీళ్లు సంప్‌లోకి దిగే పెట్టె) వెనక ఇరుక్కుని ఉంది. నోరు సగం తెరిచి, పక్క రెక్కలు ఆపకుండా ఆడిస్తోంది, వాటి అంచులు చీలిపోయాయి. చూస్తేనే బాధేసింది. ఒక వేవ్‌మేకర్ తీసేశాను. రెండోదాన్ని వెనక అద్దం వెంబడి పొడవునా చిమ్మేలా తిప్పాను. మధ్యలో లావుపాటి కొయ్య దుంగ అడ్డం పెట్టాను. గంటలో చేప దుంగ చాటుకు వచ్చి రెక్కలు దగ్గరకు ముడుచుకుంది. మర్నాడు సాయంత్రం రొయ్య తిన్నదని ఫోన్ వచ్చింది.

అపోహ: ఎదురీదుతోందంటే హుషారుగా ఉన్నట్టే.

ధారకు ఎదురు తిరగడం చేపకు పుట్టుకతో వచ్చిన గుణం, ఇష్టమున్నా లేకపోయినా చేస్తుంది. మీరు చూడాల్సింది మొప్పల్ని. మేత వేయకముందే మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నా, పగలూ రాత్రీ తోక ఆగకపోయినా, తింటూనే పొట్ట లోపలికి పోతున్నా జోరు తగ్గించండి.

అపోహ: వేవ్‌మేకర్ ఉంటే ఆక్సిజన్‌కు లోటుండదు.

ఆక్సిజన్ నీళ్లలోకి దిగేది ప్రధానంగా పైభాగం నుంచి. వేవ్‌మేకర్ అడుగున తిరుగుతూ, పైన జిడ్డు పొర కదలకుండా ఉంటే లాభం లేదు. మన ఊరి ఎండలకు ఇది ఇంకా ముఖ్యం. 25 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది 7.6కు పడిపోతుంది. పైగా కడుపు నిండా తిన్న చేపకు అరిగేదాకా గంటల తరబడి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. రాత్రి పదింటికి మేత వేసి, పన్నెండింటికి కరెంటు పోతే ఏమవుతుందో ఊహించుకోండి. మిచౌంగ్ తుపాను కరెంటు కోతల్లో, 2023 డిసెంబరులో, నేను అందరికీ చెప్పింది రెండే మాటలు: మేత ఆపండి, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టండి. బోరు నీళ్లలో ఆక్సిజన్ సాధారణంగా తక్కువే, అందుకే డ్రమ్ములో పట్టి, గాలి కొట్టించి పోయండి.

అపోహ: కొర్రమీను, అరపైమా లాంటివి గాలి పీలుస్తాయి కాబట్టి వాటికి ఫిల్టరూ ప్రవాహం అక్కర్లేదు.

గాలి పీల్చే చేప కూడా అమ్మోనియా వదులుతుంది, అది చేపకు విషం. ఫిల్టర్ ఉండాల్సిందే. కాకపోతే వాటికి పైకొచ్చి గుక్క తీసుకోవడానికి అలల్లేని చోటు ఒకటి కావాలి. ధారను వెనక అద్దం వైపు తిప్పి, ముందు మూలన నీళ్లు నిలకడగా ఉంచితే సరిపోతుంది.