నడిస్తే మోకాళ్లు అరిగిపోతాయా? వాకింగ్ మీద అపోహలు - వాస్తవాలు

మోకాలి నొప్పితో ఫిజియోథెరపీకి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "గుజ్జు అరిగిపోయిందన్నారు, అందుకే నడవడం మానేశాను." అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఈ భయమే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: నడిస్తే మోకాళ్లు ఇంకా అరుగుతాయి.

వాస్తవం: మనం గుజ్జు అనేది ఎముకల చివర్లను కప్పి ఉండే మెత్తటి పొర. దానికి రక్తనాళాలు లేవు. కీలులో ఉండే ద్రవం నుంచే దానికి పోషణ అందాలి. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు వదులై, స్పాంజిలా ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. కదలకుండా కూర్చుంటే ఇది సరిగా జరగదు. పైగా తొడ కండరం సన్నబడుతుంది. అప్పుడు మెట్లు దిగేటప్పుడు కీలు మీద భారం ఇంకా పెరుగుతుంది.

కాస్త నొప్పి ఉన్నా నడవొచ్చు. ఓర్చుకోగలిగినంతే ఉండి, మర్నాటికి మామూలైపోతే ఆ దూరం మీకు సరిపోయినట్టే. మర్నాడు కూడా నొప్పి, వాపు ఎక్కువగా ఉంటే దూరం తగ్గించండి, మానేయకండి. ఒకేసారి అరగంట కష్టమైతే పూటకి పది నిమిషాలు చాలు. మోకాలు ఉన్నట్టుండి వాచి వేడెక్కినా, పడ్డాక కాలు మోపలేకపోయినా మాత్రం ముందు డాక్టరుకి చూపించాలి.

అపోహ: పదివేల అడుగులు వేయకపోతే దండగ.

వాస్తవం: ఈ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరుతో ప్రచారంలోకి వచ్చింది. పరిశోధనతో తేల్చిన లెక్క కాదు. అమెరికాలో సగటున 72 ఏళ్లున్న మహిళల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయి. దాదాపు 7,500 దాటాక పెద్ద తేడా కనిపించలేదు. ఫోన్‌లో మీ వారం సగటు చూసుకుని దానికి ఓ 500 కలపండి. అంకె కోసం రాత్రి పదకొండింటికి హాల్లో చక్కర్లు కొట్టే టెన్షన్ ఎవరికీ అక్కర్లేదు.

అపోహ: తెల్లవారుజామునే నడవాలి.

వాస్తవం: ఎప్పుడు కుదిరితే అప్పుడే. షుగర్ ఉన్నవాళ్లకైతే భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాల నడక బాగా పనికొస్తుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు, షుగర్ ఉన్నట్టుండి పడిపోతే తినడానికి, జేబులో చక్కెరో గ్లూకోజో ఉంచుకోండి. పాదాల్లో తిమ్మిరి ఉంటే పచ్చగడ్డి మీదైనా సరే చెప్పుల్లేకుండా నడవొద్దు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

అపోహ: రోజూ నడుస్తున్నాం, ఇంకే వ్యాయామమూ అక్కర్లేదు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం చెప్పింది, నిజమే. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం దానికి సరిపోతుంది. పార్కులో కబుర్లు చెప్పుకుంటూ ఈడ్చుకుంటూ తిరిగేది ఈ లెక్కలోకి రావడం కష్టం. అయితే అదే సంస్థ కండరాల బలానికీ, 65 దాటినవాళ్లకైతే తూలిపడకుండా నిలదొక్కుకోవడానికీ వేరే వ్యాయామాలు కూడా చేయమంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి.

అపోహ: నడిస్తే పిక్కలు పట్టేయడం వయసు వల్లే.

వాస్తవం: నడుస్తుంటే పట్టేసి, ఆగితే తగ్గి, మళ్లీ నడిస్తే వస్తుంటే కాలి రక్తనాళాలు సన్నబడి ఉండొచ్చు. పొగతాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. నూనె రాసుకుని సరిపెట్టుకోకుండా డాక్టరుకి చూపించండి.