జవాబు ఎప్పుడూ మూలనే

సంక్రాంతికి ఇంట్లోనే సున్నుండలు, అరిసెలు చేసి అమ్మే పిన్నిగారు ఒకరున్నారనుకుందాం. కిలో సున్నుండల మీద 80 రూపాయలు మిగులుతాయి, కిలో అరిసెల మీద 100. ఇంట్లో బెల్లం 20 కిలోలుంది, ఏది చేసినా కిలోకి అరకిలో పడుతుంది. చేతిలో ఉన్నది 30 గంటలు. సున్నుండలకి కిలోకి అరగంట చాలు. అరిసెలంటే పాకం పట్టాలి, వేయించాలి, వత్తాలి, కాబట్టి గంట. నెయ్యి 6 కిలోలు. అది సున్నుండలకే, కిలోకి 200 గ్రాములు.

అరిసెల్లోనే లాభం ఎక్కువ కదా అని అన్నీ అవే చేస్తే 30 కిలోల దగ్గర సమయం అయిపోతుంది. మిగిలేది 3000 రూపాయలు, 5 కిలోల బెల్లం డబ్బాలోనే ఉండిపోతుంది. ఒక కిలో అరిసెలు మానుకుంటే రెండు కిలోల సున్నుండలు వస్తాయి: 100 పోయి 160 వచ్చినట్టు. అలా మార్చుకుంటూ పోతే చెరి 20 కిలోల దగ్గర బెల్లం, సమయం రెండూ ఒకేసారి ఖాళీ. లాభం 3600. అక్కడి నుంచి ఇంకా సున్నుండల వైపు జరిగితే బెల్లం కోసం కిలోకి కిలో వదులుకోవాలి, ప్రతిసారీ 20 రూపాయల నష్టం. ఇక ఆగిపోవడమే.

మనం ఇప్పుడు చేసిందే సింప్లెక్స్ పద్ధతి. గ్రాఫు కాగితం మీద గీస్తే పిన్నిగారికి వీలైన పథకాలన్నీ ఐదు మూలల బొమ్మలో ఇముడుతాయి. అంచులన్నీ సరళరేఖలు, ఎక్కడా సొట్ట ఉండదు. అందుకే అత్యధిక లాభం ఏదో ఒక మూల దగ్గర దొరికి తీరుతుంది. ఒక మూల నుంచి లాభం పెరిగే అంచు పట్టుకుని పక్క మూలకి నడవాలి. పక్కవేవీ మెరుగ్గా లేకపోతే అదే జవాబు, మిగతా మూలల్ని చూడనే అక్కర్లేదు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది మరొకటి. మామూలు ధరకి ఇంకో కిలో బెల్లం దొరికితే లాభం 120 పెరుగుతుందనీ, నెయ్యి ఎంత తెచ్చినా రూపాయి కూడా పెరగదనీ ఈ లెక్కే చెబుతుంది. నెయ్యి ఎలాగూ 2 కిలోలు మిగిలే ఉంది మరి.

1947లో అమెరికా వైమానిక దళానికి పనిచేస్తూ జార్జ్ డాంట్జిగ్ ఈ పద్ధతి కనిపెట్టాడు. ఇలా సరళరేఖల పరిమితుల మధ్య అతి మంచి పథకం వెతికే లెక్కల్ని లీనియర్ ప్రోగ్రామింగ్ అంటారు. ఇందులో ‘ప్రోగ్రాం’ అంటే కంప్యూటర్ ప్రోగ్రాం కాదు. సైన్యం భాషలో శిక్షణకీ సరఫరాకీ వేసుకునే ప్రణాళిక. తొలి పెద్ద పరీక్ష మాత్రం తిండి లెక్క. 77 ఆహార పదార్థాల్లోంచి 9 పోషకాలు చాలినంత అందేలా, అతి చవకగా ఏం తినాలి? ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1945లో తెలివైన ఊహలతో 1939 ధరల్లో ఏడాదికి 39.93 డాలర్లు అని తేల్చాడు. ఇక్కడ మూల కాగల బిందువులు దాదాపు 46 వేల కోట్లు. అన్నీ చూడటం ఎవరి తరమూ కాదు. 1947లో తొమ్మిది మంది గుమాస్తాలు చేత్తో తిప్పే యంత్రాలు పట్టుకుని సింప్లెక్స్ దారిలో నడిస్తే, మొత్తం 120 రోజుల మనిషి శ్రమకి జవాబు తేలింది: 39.69 డాలర్లు. స్టిగ్లర్ తప్పింది 24 సెంట్లే!

మూలలన్నీ తిరిగొచ్చేలా సింప్లెక్స్‌ని ఏడిపించే లెక్కలూ ఉన్నాయి. క్లీ, మింటీ అనే ఇద్దరు గణితవేత్తలు 1972లో అలాంటిది తయారుచేసి చూపించారు. 1984లో అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో ఉన్న నరేంద్ర కర్మార్కర్ అసలు అంచులు పట్టుకోకుండా బొమ్మ లోపలి నుంచే జవాబు వైపు వెళ్లే దారి చూపాడు. నేటి సాఫ్ట్‌వేర్లలో రెండు రకాల నడకలూ ఉంటాయి.

మూలల్లో ఒక చిక్కుంది. 9 షరతులు పెడితే మూల దగ్గర 9కి మించి పదార్థాలు ఉండవు. యంత్రానికి రుచీ వైవిధ్యమూ పట్టవు. 1950ల మొదట్లో డాక్టరు బరువు తగ్గమంటే డాంట్జిగ్ తన తిండిని కంప్యూటర్‌తో లెక్క కట్టించాడు. కడుపు నిండినట్టు ఉండాలి కాబట్టి, నీటి బరువు తీసేయగా మిగిలే బరువు వీలైనంత ఎక్కువ ఉండాలన్నాడు. యంత్రం రోజుకి 500 గ్యాలన్ల వెనిగర్ తాగమంది. పట్టికలో వెనిగర్‌కి నీటి శాతం సున్నా అని ఉంది మరి. దాన్ని తీసేస్తే 200 సూప్ బిళ్లలు తినమంది. అవి కొన్ని వేడినీళ్లలో వేసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేశాడు, ఒట్టి ఉప్పునీళ్లు. ఈసారి రోజుకి మూడే అని గరిష్ఠ పరిమితి పెట్టాడు. అంతే, యంత్రం పక్క మూలకి జరిగి కిలోకి దగ్గరగా తవుడు తినమంది. దానికీ పరిమితి పెడితే బెల్లపు మడ్డి ముందుకొచ్చింది. చివరికి ఆయన భార్య ఆన్ ఆ కాగితాలన్నీ చదివి, అందులో పనికొచ్చేవి ఏరుకుని, తన పద్ధతిలో వండి పెట్టింది. ఆయన బరువు తగ్గాడు.